భద్రాచలం ఏజన్సీలో ఆపద వైద్యం, మద్యం, జవాబుదారీ

మన సంఘం ప్రత్యేక సంచికకు వైద్య ఆరోగ్య శాఖ చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరినారు. మలేరియా నిర్మూలన గురించి, మశూచి టీకాల గురించి, కుటుంబ నియంత్రణ శిబిరాల గురించి లోగడ పెద్దలు వ్రాసి ఉన్నారు. ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి మిగిలి ఉన్నది. అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చిన మనిషిని ఆసుపత్రికి చేర్చవలసినవాడు తానే తాగి ఉంటే ఏమి జరుగుతుంది, అతడిని ఎవరు అడగాలి, ఏ రూలు క్రింద అడగాలి అన్నది. మన శాఖలో ఇది అందరికీ తెలిసినదే. టీ కొట్టు దగ్గర చెప్పుకున్నదే తప్ప కాగితం మీద పెట్టినవారు తక్కువ. నేను 1974లో గుమాస్తాగా చేరి 2009లో పదవీ విరమణ చేసేవరకు సర్వీసులో ఎక్కువ భాగం ఖమ్మం జిల్లాలో, అందులోనూ గోదావరి అవతలనే గడిపినవాడిని గనుక తెలిసినంతవరకు వ్రాస్తున్నాను. మనుషుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు మాత్రం వ్రాయను. వారి పిల్లలు, మనుమలు ఈ సంచిక చదువుతారు.

ఏజన్సీ అంటే ఇప్పటి పిల్లలకు గ్యాస్ ఏజన్సీ గుర్తుకు వస్తుంది. మనకు ఏజన్సీ అంటే అడవి, గోదావరి, శబరి, లెక్కలేనన్ని వాగులు, చలిజ్వరాలు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874 వరకు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి ఆ సంవత్సరం మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చినవి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి మన ఖమ్మం జిల్లాలో కలిసినవి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. ఇవతల మిగిలినదానిలో కొంత భాగం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చినది. ఇల్లు కదలకుండా ఇన్ని సర్కార్లు చూసిన జనం మన దేశంలో తక్కువ. సర్కారు మారినప్పుడల్లా రెండు సంగతులు మారుతూ వచ్చినవి. ఆపదలో పోవలసిన పెద్దాసుపత్రి ఏది అన్నది ఒకటి, కల్లు సారాల చట్టం ఏది అన్నది రెండోది.

కోయలకు, కొండరెడ్లకు ఇప్పపువ్వు, జీలుగు కల్లు తిండిలో భాగము, పండుగలో భాగము. పెళ్లి మాటకు, చావు దినానికి, విత్తనాల పండుగకు అది లేకపోతే పని జరగదు. 1879లో రంప ఫితూరీ లేచినప్పుడు దాని కారణాలలో కల్లు మీద పన్ను ముఖ్యమైనది. అంతకు ముందు తమ చెట్టు తామే గీసుకుని తాగేవారు. కొత్త ఆబ్కారీ ఏర్పాటుతో ఇంటి వాడకానికి గీసుకోవటం కూడా నేరమై, కల్లు హక్కు గుత్తేదారుల చేతికి పోయింది. ఆ తిరుగుబాటు మార్చిలో రంపలో మొదలై జూలై నాటికి మన భద్రాచలం తాలూకా రేకపల్లి ప్రాంతానికి పాకింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అడవిలో తాగుడు గురించి మాట్లాడే పట్నం ఉద్యోగులు చాలామంది అది గిరిజనుల దురలవాటు అని ఒక్క మాటతో తేల్చేస్తారు. నా ముప్పై అయిదేళ్ల సర్వీసులో తాగి డ్యూటీ చెడగొట్టిన కేసులు నా టేబులు మీదికి వచ్చినవాటిలో అత్యధికం మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన మనవారివే. పండుగకు తాగేవాడికి పండుగ అయిపోతుంది. భార్యాపిల్లలను ఖమ్మంలోనో, ఏలూరులోనో వదిలి ఒంటరిగా క్వార్టరులో ఉండేవాడికి ప్రతి సాయంత్రమూ పండుగే.

రోడ్లు, జీపులు లేని రోజుల్లో రోగిని మోసుకు వచ్చేది ఊరివారే. నులకమంచాన్ని తాళ్లతో వెదురు బొంగుకు వేలాడగట్టి నలుగురు భుజాన వేసుకుంటే జెట్టీ. దుప్పటిని ఉయ్యాలగా కట్టి ఇద్దరు మోస్తే డోలీ. పది పన్నెండు మైళ్లు రావలసి వస్తే ఎనిమిదిమందో, పదిమందో భుజాలు మార్చుకుంటూ వచ్చేవారు. దారిలో ఊరు తగిలితే అక్కడివారు మోతగాళ్లకు దొప్పెడు కల్లు పోసేవారు. అది మర్యాద, ఆకలికి ఆధారము కూడా. వారు తాగి మోస్తున్నారని ఫిర్యాదు చేసినవారెవరూ లేరు. ఎందుకంటే మంచం మీద ఉన్నది వారి వదినో, మేనమామో. జెట్టీ వాగులో పడవేసినవాడు రేపటి నుంచి అదే ఊళ్లో బ్రతకాలి. అతడిని అడగటానికి చార్జి మెమో అక్కరలేదు. దీన్ని గొప్ప చేసి చెప్పటం లేదు. దారిలోనే పోయినవారు ఎందరో. కాని అడిగేవారు ఎవరు అన్న ప్రశ్న ఆనాడు లేదు. జీతానికి మోసేవాడు వచ్చినప్పుడు ఆ ప్రశ్న పుట్టింది.

చట్టం సంగతి కూడా కొంచెం చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి మద్యనిషేధం అన్ని జిల్లాలకూ వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ చట్టం దానికి వారసత్వంగా దక్కింది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయినది ఈ మద్యనిషేధం తగవు మీదనే. ఇవతల హైదరాబాదు రాజ్యంలో నిషేధం లేదు, ఆబ్కారీ పాటలు ఉన్నవి. ఈ రెండు పద్ధతులు గోదావరికి చెరొక ఒడ్డున ఉండగా 1959లో రెండు ఒడ్లూ ఒకే జిల్లా అయినవి. భద్రాచలం వద్ద వంతెన 1965లో తెరిచారు. అంతవరకు పడవల మీద దాటటమే. 1968 ఎక్సైజు చట్టంతో రెండు ప్రాంతాలకూ ఒకే కట్టు వచ్చింది. మా సీనియర్లు చెప్పేవారు, వంతెన మీద మొదట స్వేచ్ఛగా తిరిగినది రోగులు కాదు, సీసాలు అని. ఇది హాస్యానికి అన్న మాట. అయినా కొట్టివేయదగినది కాదు.

ఇక జీపు. యునిసెఫ్ వారు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు జీపులు ఇచ్చిన సంగతి పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. అవి టీకాల పనికి, కుటుంబ నియంత్రణ పనికి, అధికారుల టూర్లకు, అన్నీ అయ్యాక రోగుల పనికి. ఆంబులెన్సు అని బోర్డు ఉన్న బండి జిల్లా కేంద్రంలో తప్ప చూడటం అరుదు. అందుచేత ఏజన్సీలో ఆపద వైద్యం అంటే జీపు డ్రైవరు. డాక్టరుగారు ఉన్నా లేకపోయినా డ్రైవరు ఉంటే భద్రాచలం చేర్చవచ్చు, డ్రైవరు లేకపోతే డాక్టరుగారు ఉండి కూడా చేసేది కొంచెమే. ఇంత భారం మోసే ఉద్యోగికి పోస్టు ఒక్కటి. ఇరవై నాలుగు గంటలూ అతడే. సెలవు పెడితే బండి షెడ్డులో ఉండిపోవటమే. అతడికి జవాబుదారీ అంటే లాగ్ బుక్కు. బయలుదేరిన సమయం, మీటరు రీడింగు, చేరిన సమయం, ప్రయోజనం, వైద్యాధికారి సంతకం. వారానికొకసారి అన్ని సంతకాలూ ఒక్క కూర్చోవటంలో అయిపోయేవి.

1981 జూలై నాటి ఒక కేసు చెబుతాను. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకు నా చేతి మీదుగా నడిచినది. రాత్రి ఎనిమిది గంటలకు ఒక కోయగూడెం నుంచి సైకిలు మీద మనిషి వచ్చాడు. కాన్పు అయింది, మాయ పడలేదు, రక్తం పోతున్నది. డాక్టరుగారు శిబిరం మీద వేరే ఊళ్లో ఉన్నారు. డ్రైవరును వెతికితే దొరికేసరికి తొమ్మిదిన్నర, దొరికినచోటు కల్లు దుకాణం. బండి కదిలేసరికి పది. వర్షం. దగ్గర దారిలో చప్టా మీద నీళ్లు పోతుంటే అతడు చుట్టు దారి పట్టాడు. గూడెం చేరేసరికి అర్ధరాత్రి దాటి రెండు. అప్పటికి ఊరివారు చూసి చూసి జెట్టీ కట్టి అడ్డదారిన అడవిలోంచి బయలుదేరి వెళ్లిపోయారు. జీపు అటు పోతుండగా జెట్టీ ఇటు వచ్చింది. చీకట్లో ఒకరికొకరు ఎదురు కాలేదు. తెల్లవారుజామున ఆమె మా ఆసుపత్రి వరండాలో, జీపు కోసం చూస్తూ ఉండగానే పోయింది. జీపు ఆరు గంటలకు ఖాళీగా తిరిగి వచ్చింది. ఆమెకు ఇరవై ఏళ్లు ఉంటాయో లేదో.

లాగ్ బుక్కులో బయలుదేరిన సమయం 8-30 అని ఉన్నది.

డ్రైవరును సస్పెండు చేసి, అప్పుడు అమలులో ఉన్న 1963 సి.సి.ఎ. రూల్స్ క్రింద అభియోగ పత్రం ఇచ్చారు. మొదటి అభియోగం విధి నిర్వహణలో మద్యం సేవించి ఉండుట, రెండవది లాగ్ బుక్కులో తప్పుడు నమోదు. సంజాయిషీలో అతడు తనకు జలుబు చేసి ద్రాక్షారిష్టం పుచ్చుకున్నానని, వాసన దానిదేనని వ్రాసినాడు. అరిష్టాలలో పులిసిన సారం ఉండే మాట నిజమే గనుక ఎవరూ నవ్వటానికి వీల్లేదు. కాంపౌండరు వాసన వచ్చిందని చెప్పాడు. ఎ.ఎన్.ఎం. మాట తడబడలేదని చెప్పింది. రక్తపరీక్ష లేదు. ఎక్కడి నుంచి వస్తుంది? మత్తులో ఉన్నాడని సర్టిఫికెట్ ఇవ్వవలసిన డాక్టరుగారు ఊళ్లో లేరు. రక్తం తీసినా అందులో సోడియం ఫ్లోరైడు కలిపి, సీలు వేసి, హైదరాబాదు రెడ్‌హిల్స్ ల్యాబుకు పంపాలి. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకుండా తీయాలి, లేకపోతే ఆ స్పిరిటే లెక్కకు వస్తుంది. ఆ రాత్రి ఇవన్నీ ఆలోచించే తీరిక ఎవరికి ఉన్నది!

అతడి తరఫున వాదించిన సహాయకుడు తెలివైనవాడు. 1971లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక మోటారు ప్రమాదం కేసులో (బచ్చూభాయి కేసు) నోటి వాసన, తూలే నడక, కనుపాపల పెద్దరికం చూసి మాత్రమే తాగి ఉన్నాడని తేల్చరాదని, రక్త మూత్ర పరీక్షలు కావాలని చెప్పింది. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. అది క్రిమినల్ కేసు, ఇది శాఖాపరమైన విచారణ, ఇక్కడ అంత గట్టి రుజువు అవసరం లేదని విచారణాధికారికి తెలుసు. అయినా వాయిదాలు పడినవి. ఈలోగా 1983 ఫిబ్రవరి 28 వచ్చింది. రామారావుగారి ప్రభుత్వం పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించిన సంగతి మనలో ఎవరూ మరిచిపోరు. మన డ్రైవరుకు 55 దాటినవి. విచారణ పూర్తి కాకుండానే ఇంటికి పోయినాడు.

ఇక 1980 పెన్షను రూల్స్‌లో 9వ రూలు. రిటైరైనా విచారణ ఆగదు, కాని పెన్షనులో కోత వేసే అధికారం ప్రభుత్వానికే. ఫైలు సెక్రటేరియట్‌కు పోయింది. రెండుసార్లు వివరణ కోరుతూ తిరిగి వచ్చింది. అతడికి తాత్కాలిక పెన్షను ఇచ్చి గ్రాట్యుటీ ఆపినారు. 1986లో అతడు కాలం చేసినాడు. చనిపోయినవాడి మీద విచారణ నడవదు గనుక చర్య ఉపసంహరించి, గ్రాట్యుటీ, కుటుంబ పెన్షను భార్యకు మంజూరు చేశారు. ఆ కాగితాలు నేనే తయారు చేశాను. ఆమె నాకు అంతకు ముందే తెలుసు. అతడు సర్వీసులో ఉన్నప్పుడే ఒకసారి ఆఫీసుకు వచ్చి, "సారూ, సగం జీతం నా చేతికియ్యండి. మిగతా సగం ఆయన తాగినా నేనడగను" అన్నది. అతడు అధికారపత్రం వ్రాసి ఇస్తే తప్ప వీలుకాదని చెప్పాను. మరుసటి నెల అతడే వచ్చి, నోరు మెదపకుండా వ్రాసి ఇచ్చి పోయినాడు. తాగుబోతు అని మనం ఒక్క మాటలో అనేస్తాము. ఆ మాటలో ఆ సంతకం పట్టదు.

ఆ ఫైలులో 140 పుటలు. చనిపోయిన ఆమె పేరు మొదటి రిపోర్టులో ఒక్కచోట ఉన్నది, అదీ ఇంటిపేరు తప్పు. అభియోగాలలో ఆమె లేదు. అభియోగం మద్యం గురించి, లాగ్ బుక్కు గురించి. తాగకుండా ఉన్నవాడు ఎనిమిదిన్నరకే బయలుదేరి ఉంటే చప్టా దాటేవాడా, అప్పటికి నీళ్లు ఎంత ఉన్నవి అని ఎవరూ అడగలేదు. మూడేళ్లుగా రెండో డ్రైవరు పోస్టు మంజూరు కోరుతూ పంపిన ప్రతిపాదన ఏ టేబులు మీద ఉన్నదని కూడా అడగలేదు. అంతకు ముందు రెండు రాత్రులు అదే డ్రైవరు టూరు డ్యూటీలో నిద్ర లేకుండా ఉన్నట్లు అదే లాగ్ బుక్కు చెబుతున్నది. అది నిజమైన నమోదా, 8-30 వంటిదా అన్నది వేరే సంగతి. ఆమె కుటుంబం నుంచి అర్జీ ఏదీ రాలేదు. అర్జీ అనేది ఒకటి పెట్టుకోవచ్చునని వారికి చెప్పినవారు లేరు.

అదే మనుషులు మరో విధంగా కనిపించిన సందర్భం కూడా చెప్పకపోతే అన్యాయం. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు వచ్చింది. ఆ వరదలో మా సిబ్బంది, డ్రైవర్లు, వార్డు బాయిలు రోజుల తరబడి తడిబట్టలతోనే ఉన్నారు. వారిలో తాగేవారు ఉన్నారు, తాగనివారు ఉన్నారు. ఆ వారం ఎవరి లాగ్ బుక్కూ ఎవరూ అడగలేదు.

తాగుడు చట్టాల కథ తర్వాతి పదేళ్లలో వేగంగా నడిచింది. ఎనభైలలో వారుణివాహిని పేరుతో సర్కారే సారాను సాచెట్లలో పంపింది. సీసా అయితే దాచటం కష్టం, సాచెట్ అయితే యూనిఫారం జేబులో పడుతుంది. ఆసుపత్రి వెనుక గోడ దగ్గర ఊడ్చేవారికి ఆ కాగితాలు ఎన్ని దొరికేవో వారినే అడగాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవారు తిరగబడటం, అక్షరాస్యత పాఠాలే ఉద్యమం కావటం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఇవి మీ అందరికీ తెలిసినవే. నిషేధం కాలంలో మా శాఖకు వచ్చిన కొత్త తలనొప్పి స్పిరిట్ స్టాకు రిజిస్టరు. అంతకు ముందు నెలకు సరిపోయే స్పిరిట్ పదిహేను రోజులకే అయిపోవటం మొదలైంది. "ఆవిరైనది" అని వ్రాసినవారు ఉన్నారు. ఏజన్సీ ఎండలకు ఆవిరి కావటం సహజమే కాని, తాళం వేసిన బీరువాలో శనివారం రాత్రే ఆవిరి కావటం విచిత్రం.

2005 ఆగస్టు 15న 108 సర్వీసు మొదలైంది. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం, సత్యం రామలింగరాజుగారు స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ కలిసి నడిపినవి. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడిన తర్వాత నిర్వహణ జి.వి.కె. వారికి పోయింది. ఆ బండిలో డ్రైవరు పేరు పైలట్. పక్కన ప్రథమ చికిత్స తెలిసిన టెక్నీషియను. ఒకరు తూలితే ఇంకొకరు చూస్తారు. జవాబుదారీ దృష్టితో చూస్తే ఇదే పెద్ద మార్పు అని నా అభిప్రాయం. రెండవ మార్పు గడియారం. ఫోను వచ్చిన క్షణం, బండికి కబురు అందిన క్షణం, బయలుదేరిన, చేరిన సమయాలు హైదరాబాదు దగ్గర దేవరయాంజాల్‌లోని కేంద్రంలో నమోదు అవుతాయి. 8-30 అని వ్రాసుకునే వెసులుబాటు పోయింది.

పోయినది ఇంకొకటి కూడా ఉన్నది. మా డ్రైవరుకు సి.సి.ఎ. రూల్స్ రక్షణ ఉండేది, విచారణ లేకుండా తీసివేయటానికి వీల్లేదు. 108 సిబ్బంది ప్రభుత్వోద్యోగులు కారు. సంస్థకు, ప్రభుత్వానికి మధ్య ఒప్పందం, సంస్థకు, సిబ్బందికి మధ్య ఉద్యోగం. ఫిర్యాదు వస్తే రేపటి నుంచి రావద్దని చెప్పటం తేలిక. తేలికగా తీసివేయటం వేరు, జవాబు రాబట్టటం వేరు. తీసివేసిన మనిషి మరో జిల్లాలో మరో ప్రైవేటు ఆంబులెన్సు స్టీరింగు పట్టుకుంటే అడిగేవారు లేరు. మనకు 1981లో 140 పుటలైనా మిగిలినవి.

మరొక మాట. ఆ సిబ్బంది తాగినవారి వల్ల పడే బాధ కూడా తక్కువ కాదు. రాత్రి ప్రమాదాల్లో దెబ్బ తిన్నవాడు తాగి ఉంటాడు, వెంట వచ్చిన బంధువులు తాగి ఉంటారు, ఆలస్యమైందని చెయ్యి చేసుకుంటారు. వైద్య సిబ్బంది మీద దాడుల నివారణకు 2008లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. రాత్రంతా రక్తం, ఏడుపులు, తిట్లు చూసినవాడు తెల్లవారి ఒక గుక్క వేసుకుని నిద్రపోదామనుకోవటం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవటం కష్టం కాదు. ఎక్కడ ఆగుతుందో చెప్పటమే కష్టం.

ఇప్పుడు చట్టం ఏమి చెబుతున్నదో చూద్దాము. మోటారు వాహనాల చట్టం 1988, 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలు ఉండి బండి నడిపితే నేరం. 2019 సెప్టెంబరు నుంచి అమలైన సవరణతో మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆంబులెన్సుకు మినహాయింపు లేదు. ఇక్కడ మన కుటుంబాల్లో డ్రైవర్లు ఉన్నవారు గమనించవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఒంట్లో ఆల్కహాలు గంటకు సుమారు 15, 20 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గుతుంది. అర్ధరాత్రి 12 గంటలకు 150 ఉన్నవాడికి, గంటకు 15 చొప్పున వేసుకుంటే, పొద్దున ఆరు గంటలకు ఇంకా 60 ఉంటుంది. అంటే రాత్రి తాగి, నిద్రపోయి, స్నానం చేసి, విభూది పెట్టుకుని డ్యూటీ ఎక్కినవాడు కూడా చట్టం దృష్టిలో తాగి నడిపినవాడే. చన్నీళ్లు, మజ్జిగ, నిమ్మకాయ ఈ లెక్కను మార్చవు.

విమానం నడిపే పైలట్‌కు మన దేశంలో ప్రయాణానికి ముందు 12 గంటలు మద్యం నిషేధం, ఎక్కేముందు ఊదుడు పరీక్ష. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లకు డ్యూటీకి ముందు ఊదుడు పరీక్ష ఉన్నది. రైలు ఇంజను సిబ్బందికీ ఉన్నది. అయితే యంత్రాన్నే దేవుడిగా పెట్టుకోకూడదు. 2025లో తెలంగాణ హైకోర్టు ఒక ఆర్టీసీ ఉద్యోగి కేసులో ఊదుడు పరీక్ష ఒక్కదాని ఆధారంతో ఉద్యోగం తీసివేయటం చెల్లదని చెప్పింది. మా డ్రైవరు సహాయకుడు 1981లో పట్టుకున్న వాదమే ఇది, నలభై ఏళ్ల తర్వాత గెలిచింది. నా అభిప్రాయం ఏమిటంటే యంత్రం చూపితే ఆ పూట బండి ఇవ్వకూడదు, రక్తపరీక్ష చెబితేనే శిక్ష. ఆ రెండూ వేరు వేరు పనులు. బండి ఇవ్వకపోవటం రోగి కోసం, శిక్ష విచారణ తర్వాత సంగతి. మన పాత రూల్స్‌లో ఈ రెండింటినీ కలిపి ముద్ద చేయటం వల్ల డ్రైవరును ఆపవలసినవాడు ఆపటానికి భయపడేవాడు. ఆపితే రిపోర్టు వ్రాయాలి, రిపోర్టు వ్రాస్తే రుజువు చేయాలి, రుజువు చేయలేకపోతే తానే సంజాయిషీ ఇవ్వాలి. అంతకంటె తాళంచెవి చేతికి ఇచ్చి దేవుడికి దండం పెట్టుకోవటం సులువు.

డాక్టర్ల విషయంలో కూడా ఇది స్పష్టంగా లేదు. జాతీయ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనల్లో వృత్తి మీద ప్రభావం చూపే విధంగా మద్యం సేవించటం దుష్ప్రవర్తన అని వ్రాసినారు, కాని ఇతర వివాదాల వల్ల ఆ నిబంధనలన్నిటినీ అదే నెలలో నిలిపివేశారు. ఆంబులెన్సు టెక్నీషియన్ల వంటివారిని రిజిస్టరులోకి తెచ్చే అనుబంధ వైద్య వృత్తుల చట్టం 2021లో వచ్చింది. ఇంగ్లండులో పారామెడిక్ అనేవాడు ఒక కౌన్సిలులో రిజిస్టరై ఉండాలి. అతడి మీద ఫిర్యాదు వస్తే బహిరంగ విచారణ, తీర్పు అందరూ చదువుకునేలా ప్రకటన. కొందరిని తొలగిస్తారు, కొందరిని చికిత్స షరతు మీద పనిలో ఉంచుతారు. సంస్థ తీసివేసినా రిజిస్టరులో పేరు మీద ఆ మాట ఉండిపోతుంది. మనకు కావలసినది అటువంటిది.

చికిత్స అనగానే కొందరు మిత్రులు తాగుబోతుకు మందేమిటి, నాలుగు తగిలించాలి అంటారు. అమెరికాలో ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంస్థను ప్రారంభించిన ఇద్దరిలో ఒకరు సర్జను, డాక్టర్ బాబ్ స్మిత్. 1935 జూన్ 10న ఒక ఆపరేషను చేయవలసి ఉండగా చేతులు వణికితే, నిలకడ కోసం స్నేహితుడు బీరు ఇచ్చినాడట. అదే ఆయన చివరి తాగుడు. ఆ రోజునే ఆ సంస్థ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఆ ఆపరేషను బల్ల మీద పడుకున్న మనిషి గురించి మాత్రం ఆ కథలో ఎక్కడా లేదు. మా ఫైలులో లాగానే.

"నేను తాగి ఉన్నాను, ఈ పూట నాకు డ్యూటీ వద్దు" అని ముందుగా చెప్పినవాడికి శిక్ష ఉండకూడదు. ఆ పూట ఇంకొకడు ఉండాలి. ఆ ఇంకొకడు లేకపోవటమే ఏజన్సీలో యాభై ఏళ్ల జబ్బు.

2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు సర్కారు చేతికి పోయి ధరలు పెరిగినప్పుడు ఎటపాక, చింతూరు వైపు నుంచి భద్రాచలం దుకాణాలకు రాకపోకలు పెరిగినవి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు రావటంతో తగ్గినవి. రోగులు మాత్రం ఏ సంవత్సరమైనా ఒకే దిక్కుకు, భద్రాచలం ఆసుపత్రికి. కుంట నుంచి, చర్ల అవతల బీజాపూరు అడవుల నుంచి ఇప్పటికీ జెట్టీల మీద వస్తున్నారు. రోడ్డు ఉన్నంతవరకు 108, రోడ్డు లేనిచోట భుజాలు.

పెన్షనరు మిత్రులకు, వారి కుటుంబాలకు ఉపయోగపడే రెండు మాటలు. ఆంబులెన్సు సిబ్బంది తాగి ఉన్నట్లు అనుమానం వస్తే రోగిని ఎక్కించే తొందరలో గొడవ పెట్టుకోవద్దు. మళ్లీ 108కే ఫోను చేసి ఆ మాట చెప్పి వేరే బండి అడగండి. ఆ సంభాషణ, సమయం అక్కడ నమోదు అవుతాయి. బండి నంబరు వ్రాసుకోండి. దారిలో ప్రమాదకరంగా నడుపుతుంటే 112కు చెప్పండి. ఇంట్లో తాగుడు మానలేనివారు ఉంటే కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత ఫోను 14446, మానసిక ఆరోగ్యానికి 14416.

చివరగా ఒక విన్నపం. వైద్య శాఖలో డ్రైవర్లుగా, కాంపౌండర్లుగా, ఎ.ఎన్.ఎం.లుగా చేసిన మిత్రుల ఇళ్లలో 1960ల నుంచి 1990ల వరకు ఏజన్సీ జీపుల పాత లాగ్ బుక్కులు, డ్యూటీ చార్టులు ఏవైనా అటక మీద ఉంటే చెదలకు వదలవద్దు. కార్యదర్శిగారికి అందజేస్తే జిరాక్సు తీయించి అసలు కాగితాలు భద్రంగా తిరిగి ఇస్తాము.